వేసవి రాత్రి నిద్రకు డెసర్ట్ కూలర్: హైదరాబాద్‌లో సరే, కాకినాడలో వద్దు

ఉగాది వెళ్ళిన రెండు మూడు వారాలకు కొందరిలో ఒక మార్పు మొదలవుతుంది. ఆకలి తగ్గుతుంది. చిన్న మాటకే చిరాకు పుడుతుంది. సాయంత్రమైతే ఏ పనీ ముట్టుకోబుద్ధి కాదు. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చి తెల్లారేదాకా దొర్లడమే. ‘ఎండలు కదా’ అని ఇంట్లోవాళ్ళూ అంటారు, వాళ్ళూ అనుకుంటారు. రుతువును బట్టి వచ్చే డిప్రెషన్‌ను 1984లో అమెరికాలో నార్మన్ రోసెంథాల్ బృందం వర్ణించింది. అది చలికాలపు రకం: అతినిద్ర, అతి ఆకలి. 1987లో థామస్ వేర్, రోసెంథాల్ తదితరులు దానికి తిరగబడిన వేసవి రకాన్నీ రాశారు. ఇందులో నిద్ర పట్టదు, తిండి సహించదు, ఒళ్ళు తగ్గుతుంది, లోపల ఒకటే అలజడి. మన ఎండల్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళు కొందరైతే, జబ్బు లేకుండా వేడివల్ల నిద్ర చెడి, నిద్ర చెడినందువల్ల మనసు కుంగేవాళ్ళు చాలామంది. ఈ రెండోవాళ్ళు డబ్బు పెట్టదగ్గ మొదటి వస్తువు ఏది, దాన్ని ఎలా వాడాలి అన్నదే ఈ సమీక్ష.

పొడి ఎండ ఉన్న ఊళ్ళలో ఆ వస్తువు డెసర్ట్ కూలర్. హైదరాబాద్, కరీంనగర్, నిజామాబాద్, కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉండేవాళ్ళకు ఏసీకన్నా ముందు దీన్నే చెప్తాం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపు ఉండేవాళ్ళు మాత్రం కొనకండి. ఈ తేడా ఎందుకో తెలిస్తే దుకాణంలో ఎవరేం చెప్పినా మోసపోరు.

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలి. రాత్రంతా కలిపి అది దాదాపు ఒక డిగ్రీ దిగుతుంది. ఆ వేడిని అరచేతులు, అరికాళ్ళు, ముఖం నుంచి శరీరం బయటికి వదులుతుంది. గదిలో గాలి వేడిగా ఉంటే వదలడం కుదరదు, ఉక్కపోతగా ఉంటే చెమట ఆరదు. పైగా కలలొచ్చే దశలో శరీరానికి తన వేడిని తాను సర్దుకునే శక్తి బాగా తగ్గిపోతుంది. తెల్లవారుజామున ఆ దశ ఎక్కువగా ఉంటుంది. పదింటికి నిద్రపట్టినవాళ్ళకు కూడా మూడు, నాలుగు గంటలప్పుడు మెలకువ వచ్చేది అందుకే. ఇక మన స్లాబు సంగతి. పగలంతా తాగిన ఎండను కాంక్రీటు అర్ధరాత్రి దాటాక కూడా కిందికి కక్కుతూనే ఉంటుంది. పై అంతస్తులో ఉండేవాళ్ళకు మే నెల అంటే బయటకన్నా లోపలే సెగ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఇళ్ళలో ముందు పగిలేది నిద్ర.

కూలర్ చేసేది ఒక్కటే: తడి ప్యాడ్ గుండా గాలిని లాగుతుంది, నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లబడుతుంది. హైదరాబాద్‌లో మే నెల రాత్రి 31 డిగ్రీలు, తేమ 35 శాతం అనుకోండి. మంచి ప్యాడ్ ఉన్న కూలర్ నుంచి వచ్చే గాలి 22, 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు దాదాపు 28. అదే కోస్తాలో రాత్రి 31 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే బయటికొచ్చే గాలి 28 డిగ్రీలు ఉండొచ్చు గానీ, నీళ్ళతో దాదాపు నిండిపోయి ఉంటుంది. చెమట ఆరదు. దుప్పటి, దిండు జిగటగా అంటుకుంటాయి. మామూలు ఫ్యాను కింద పడుకున్నంత సుఖం కూడా ఉండదు. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి మధ్యలో ఉన్నాయి: పొడి వడగాడ్పు వీచే రోజుల్లో పనిచేస్తుంది, గాలి సముద్రం వైపు నుంచి తిరిగిన రాత్రి పనిచేయదు. అక్కడివాళ్ళు ఫోనులో వాతావరణం యాప్ తీసి రాత్రి పది గంటల తేమ శాతం ఒక వారం రాసుకోండి. చాలా రాత్రులు 50 దాటుతుంటే కూలర్ ఆలోచన మానుకోండి.

సైజు దగ్గరే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, సగం చేసి, 1.7తో మళ్ళీ గుణించండి. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి కావాలో వస్తుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న పడకగదికి అది సుమారు 1000. పెట్టె మీద రాసే అంకె ఎదురు గోడ లేని చోట కొలిచింది కాబట్టి 1500 నుంచి 2000 ఉన్నది తీసుకోండి. అంతకు మించితే హోరు తప్ప లాభం లేదు.

అసలు చూడాల్సింది ట్యాంకు. గంటకు 1000 ఘనపు మీటర్ల గాలిని పైన చెప్పిన హైదరాబాద్ రాత్రి చల్లబరచాలంటే గంటకు దాదాపు 4 లీటర్లు ఆవిరవుతాయి. ఎనిమిది గంటలకు 32 లీటర్లు. అడుగున పంపు అందుకోలేని నీళ్ళు కలిపితే 45 నుంచి 50 లీటర్ల ట్యాంకు కావాలి. చిన్నగా, అందంగా ఉందని 20 లీటర్ల పర్సనల్ కూలర్ కొంటారు. రాత్రి పదిన్నరకు నింపితే మూడు, మూడున్నరకల్లా నీళ్ళు అయిపోతాయి. ప్యాడ్ ఆరిపోయి గది మళ్ళీ వేడెక్కుతుంది. నిద్ర పలచబడే సమయం కూడా సరిగ్గా అదే. ‘కూలర్ ఉన్నా మూడింటికే మెలకువ వస్తోంది, నా ఒంట్లోనే ఏదో తేడా ఉంది’ అని బెంగపడేవాళ్ళు ముందు ట్యాంకు మూత తీసి చూడాలి. నీళ్ళు లేకుండా పంపు తిరిగితే అది కాలిపోతుంది కూడా.

పెట్టే చోటు మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. కూలర్ వెనక భాగం కిటికీలోంచి బయటి గాలిని పీల్చాలి, ఎదుటి వైపున ఆ గాలి వెళ్ళిపోవడానికి దారి ఉండాలి. గది మధ్యలో పెట్టి, ఏసీకి వేసినట్టు తలుపులన్నీ బిగిస్తే మొదటి అరగంట హాయిగా ఉంటుంది. తర్వాత అదే తడిగాలి తిరిగి తిరిగి గది కోస్తా అయిపోతుంది. నాలుగడుగుల ఎత్తున్న కిటికీ రెక్కను జానెడు తెరిస్తే చాలు. దోమతెర కొట్టిన కిటికీ అయితే ఇంకొంచెం ఎక్కువ. తలుపు ఓరగా పెట్టి పక్క గది కిటికీ తెరిస్తే రెండు గదులూ చల్లబడతాయి. గాలి తిన్నగా ముఖానికి తగలకూడదు. గొంతు ఎండిపోతుంది, కళ్ళు మండుతాయి, పొద్దున మెడ పట్టేస్తుంది. కాళ్ళ వైపు తిప్పండి. అరికాళ్ళకు చల్లగాలి తగిలితే నిద్ర త్వరగా వస్తుందన్నది పైన చెప్పిన శరీర లెక్కకు సరిపోయే మాటే.

పడుకునే ముందు వేస్తే లాభం తక్కువ. గోడలు, పరుపు, మంచం అన్నీ వేడి తాగి ఉంటాయి. సూర్యాస్తమయం తర్వాత డాబా మీద నాలుగైదు బకెట్ల నీళ్ళు చల్లి, ఎనిమిదిన్నరకే కూలర్ వేయండి. ఆ రెండు గంటలకు ఏడెనిమిది లీటర్లు పోతాయి కాబట్టి పదిన్నరకు ట్యాంకు మళ్ళీ నింపాలి. నీళ్ళ కరువున్న అపార్ట్‌మెంటులో డాబా తడపడం కుదరకపోతే ఏప్రిల్ మొదట్లోనే స్లాబుకు తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. బూరుగుదూది పరుపు, నవారు మంచం ఉన్నవాళ్ళు వాటిని అటక మీద దాచకండి. ఫోము పరుపు వీపు వేడిని పట్టి ఉంచుతుంది, నవారు కింది నుంచి గాలి ఆడనిస్తుంది.

ప్యాడ్‌ల విషయానికొస్తే తేనెపట్టు అట్ట ప్యాడ్‌లు రెండు మూడు వేసవులు వస్తాయి, తడి సమంగా పరుచుకుంటుంది. కూలర్ గడ్డి చవక. మొదటి నెల బాగా పనిచేసి తర్వాత కిందికి జారిపోతుంది. పైన ఖాళీ ఏర్పడి అక్కడినుంచి వేడిగాలి నేరుగా లోపలికొస్తుంది. ఏటా మార్చాలి, ఏప్రిల్ చివర ఒకసారి విప్పి సర్దాలి. వట్టివేళ్ళ ప్యాడ్ వాసనకు కొందరికి ప్రాణం లేచొస్తుంది. ఎక్కువ చల్లబరుస్తుందని మాత్రం ఆశించకండి.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో కూలర్‌ను చంపేది ఉప్పు. నీరు ఆవిరవుతుంది, అందులోని లవణాలు ట్యాంకులోనే మిగులుతాయి. పైన నీళ్ళు పోస్తూ పోతే రెండు వారాల్లో ట్యాంకు నీరు బోరు నీటికన్నా ఎన్నో రెట్లు చిక్కబడి ప్యాడ్ మీద తెల్ల పెంకు కడుతుంది. పెంకు కట్టిన చోట గాలి వెళ్ళదు. వారానికి ఒకసారి పూర్తిగా వంచేసి, ట్యాంకు గోడలను బ్రష్షుతో రుద్ది కడగాలి. రుద్దడం తప్పనిసరి. డెంగీ దోమ గుడ్లు నీళ్ళలో తేలవు, నీటి అంచున గోడకు అతుక్కుని ఉంటాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ఆ గడువు వారం. పెంకు కట్టిన అట్ట ప్యాడ్‌ను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో అరగంట నానబెట్టి మెల్లగా కడిగితే చాలావరకు వదులుతుంది. బురద వాసన వస్తే కారణం ప్యాడ్ రోజంతా తడిగా ఉండిపోవడం. పొద్దున ఆపే ముందు పంపు కట్టేసి పావుగంట ఫ్యాను మాత్రం తిప్పండి. ఆస్తమా ఉన్నవాళ్ళ గదిలో ఈ పని ఒక్కరోజు కూడా మానకూడదు. మానలేమనుకుంటే కూలరే వద్దు.

కరెంటు షాకు నెమ్మదిగా చెప్పే విషయం కాదు. రేకు కూలర్, తడి నేల, చెప్పుల్లేని కాళ్ళు. ఈ మూడూ కలిసినచోట ప్రాణాలు పోయాయి. మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తింగ్ లేని ఇంట్లో రేకు కూలర్ పెట్టకండి. ప్లాస్టిక్ బాడీ తీసుకోండి. ఏదైనా సరే, నీళ్ళు పోసేముందు స్విచ్చి కట్టేస్తే చాలదు, ప్లగ్గు పీకాలి. మత్తు నిద్రలో లేచి నింపే అవసరం రాకుండా పెద్ద ట్యాంకు కొనమనడానికి ఇది రెండో కారణం.

ఖర్చు: 50 లీటర్ల కూలర్ సుమారు 8 నుంచి 12 వేలు. 180 వాట్ల మోటారు ఎనిమిది గంటలు తిరిగితే యూనిట్టున్నర కన్నా తక్కువే. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ అదే సమయానికి 5 నుంచి 7 యూనిట్లు తాగుతుంది. హోరు గురించి ఫిర్యాదులుంటాయి. ఎడతెగని ఒకే శబ్దం వీధికుక్కల అరుపును, హారన్లను మింగేస్తుంది కాబట్టి చాలామందికి అది మేలే చేస్తుంది. టకటకమనే శబ్దం వస్తే మాత్రం అది బుష్ అరగడమో, రెక్క వంగడమో. బాగుచేయించాల్సిందే.

కోస్తావాళ్ళకు ఏసీ తప్పదు. దాన్ని 20లో పెట్టి రెండింటికి ఆగిపోయేలా టైమరు పెట్టే అలవాటు నిద్రకు శత్రువు. ఆగిన గంటకు స్లాబు సెగ, ఉక్కపోత కలిసి తిరిగొస్తాయి, మళ్ళీ అదే తెల్లవారుజామున మెలకువ. రాత్రంతా 26, 27లో ఉంచి ఫ్యాను సన్నగా తిప్పండి. కరెంటు బిల్లులో తేడా మీరు భయపడినంత ఉండదు. ఏసీ, కూలర్ రెండూ లేనివాళ్ళకు ఫ్యాను, తడిగుడ్డ. గదిలో 40 డిగ్రీలు దాటితే మాత్రం ఉత్త ఫ్యాను ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది.

వేడి తర్వాతది వెలుగు. జనవరిలో హైదరాబాద్‌లో 6:45 దాటాక పొద్దు పొడిస్తే, మే చివర 5:40కే. విశాఖలో 5:20. వెలుగు కంట్లో పడితే శరీరం ‘లే’ అంటుంది. బ్లాకౌట్ కర్టెన్లు ఇక్కడ ఉపయోగపడతాయి. రాడ్డు కిటికీకన్నా ప్రతి వైపూ ఆరంగుళాలు పొడవుండాలి. పైన, పక్కల నుంచి దూరే వెలుతురు కర్టెన్ విలువను సగం చేస్తుంది. కానీ కూలర్ బిగించిన కిటికీకి కర్టెన్ వేస్తే గాలి ఆగిపోతుంది. అక్కడ కళ్ళకు ఒత్తిడి పడని, గిన్నెలా లోతున్న కంటి మాస్కే సరైనది. లండన్ వైపు ఉన్న మన పిల్లలకు ఈ వరుస తారుమారు. లండన్‌లో జూన్‌లో పొద్దు పొడిచేది 4:45 ప్రాంతంలో, గుంకేది 9:20కి. అక్కడ మొదటి కొనుగోలు కర్టెన్లే.

కర్టెన్ ఎవరికి వద్దో కూడా చెప్పాలి. అయిదింటికే మెలకువ వచ్చేవాళ్ళకు అది మంచిది. రెండింటిదాకా నిద్ర పట్టక తొమ్మిదైనా లేవలేని వాళ్ళకు చీకటి గది మరింత చెడుపు చేస్తుంది. శరీరపు గడియారం ఇంకా వెనక్కి జరుగుతుంది, దిగులు ముదురుతుంది. వాళ్ళు రోజూ ఒకే వేళకు, వీలైతే ఆరున్నరకు లేచి, ఎండ ముదరకముందే పావుగంట, ఇరవై నిమిషాలు బయట నడవాలి. మధ్యాహ్నం కునుకు అరగంట దాటకూడదు, మూడు తర్వాత అసలొద్దు. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ మానాలి. కెఫీన్ సగం తగ్గడానికే అయిదు గంటల దాకా పడుతుంది. రాత్రి చల్లని బీరు నిద్ర తెప్పిస్తుంది, రాత్రి రెండో సగంలో ఆ నిద్రనే ముక్కలు చేస్తుంది. పడుకునే గంట, గంటన్నర ముందు గోరువెచ్చని నీళ్ళ స్నానం చేయండి. ఐసు నీళ్ళు పోసుకుంటే చర్మం ముడుచుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

డిప్రెషన్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే 10,000 లక్స్ లైటు పెట్టెలు చలిదేశాల్లో చలికాలపు దిగులుకు పుట్టినవి. వేసవి దిగులుకు కొనకండి. బైపోలార్ (ఒకప్పుడు దిగులు, ఒకప్పుడు విపరీతమైన హుషారు వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళలో అవి ఉన్మాదాన్ని రెచ్చగొట్టగలవు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రల జోలికీ పోవద్దు. ఇప్పటికే మందులు వాడేవాళ్ళకు ఇంకో జాగ్రత్త. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వేసుకునేవాళ్ళు చెమటతో నీళ్ళు, ఉప్పు కోల్పోతే రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, అడుగు తడబడటం కనిపిస్తే ఆ రోజే డాక్టరును కలవాలి. అమిట్రిప్టిలిన్, ట్రైహెక్సిఫెనిడిల్, కొన్ని సైకోసిస్ (లేనివి ఉన్నట్టు కనిపించే, వినిపించే జబ్బు) మందులు చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి కాబట్టి వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. ఎండలు ముదరకముందే మోతాదు గురించి అడగండి. మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మరసం, అంబలి పగలంతా అందుతూ ఉండాలి. బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఉప్పు సంగతి డాక్టరును అడిగి తీసుకోండి.

కూలర్ సరిగా అమర్చాక పది, పన్నెండు రాత్రులు ఒక కాగితం మీద రాయండి: పడుకున్న వేళ, నిద్ర పట్టిందనిపించిన వేళ, మెలకువలు, లేచిన వేళ, పగలు మనసు ఎలా ఉందో పదికి ఎంత. నిద్ర కుదిరి మనసూ తేలికపడితే మీకు ఇబ్బంది వేడితోనే. గది చల్లగా, చీకటిగా ఉన్నా రోజూ మూడు, నాలుగింటికే గుండె బరువుతో మెలకువ రావడం, పొద్దుటిపూట దిగులు ఎక్కువగా ఉండి సాయంత్రానికి కాస్త తగ్గడం, తిండి, పని, మనుషులు ఏదీ రుచించకపోవడం రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. దానికి కూలర్ మందు కాదు. రెండు మూడు గంటలే పడుకున్నా అలసట లేకుండా, మాటలు, ఖర్చు, హుషారు విపరీతంగా పెరిగితే అది మరో వైపు జబ్బు, అంటే పైన చెప్పిన ఉన్మాదం కావచ్చు. అప్పుడు ఇంకా త్వరగా వెళ్ళాలి.

వెళ్ళడానికి ముందు మాట్లాడాలనుకుంటే టెలి మానస్ ఉంది, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఉచితం, రాత్రింబవళ్ళు, తెలుగులో. మొదట కౌన్సెలర్ వింటారు. అవసరమైతే నిపుణులకో, దగ్గరి ఆసుపత్రికో పంపిస్తారు. మొదటి ఫోనులోనే మాత్ర రాసిస్తారని అనుకోవద్దు. పైన చెప్పిన కాగితం చేతిలో పెట్టుకుని చేస్తే అసలు సంగతి చెప్పడం తేలికవుతుంది. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లోనూ ఆ కాగితం పనికొస్తుంది. ఏప్రిల్, మే పరీక్షా ఫలితాల రోజుల్లో పిల్లలు నిద్రపోకుండా గదిలోనే ఉండిపోతుంటే పెద్దవాళ్ళే ఈ నంబరుకు చేయొచ్చు. బతకాలని లేదన్న మాట నోట వస్తే కాగితాలు, వారాలు ఏమీ చూడకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అప్పుడే ఫోను చేయండి, ప్రాణానికి ముప్పనిపిస్తే 112కు.

మృగశిర కార్తె వచ్చి తొలకరి పడగానే కూలర్ పని అయిపోతుంది. గాలిలో తేమ పెరిగాక దాన్ని ఉత్త ఫ్యానుగానే వాడాలి, పంపు వేయకూడదు. నీళ్ళు పూర్తిగా వంచి, ప్యాడ్‌లు విప్పి ఒకరోజు ఎండబెట్టి, పంపును తుడిచి విడిగా దాచండి. అది జరిగిన రెండు వారాలకు కూడా నిద్ర దారిలో పడకపోతే ‘ఎండలు కదా’ అన్న మాట ఇక చెల్లదు. ఆ రాసుకున్న కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరండి.